గోడకు సరిపడా లింకు

ఇప్పుడైతే ఫోనులో నీలం రంగు అక్షరాలు కనబడితేనే నాకు ఒళ్ళు బరువెక్కుతుంది. మా అపార్ట్‌మెంటు గ్రూపులోనో, అత్తగారి వైపు వాళ్ళ గ్రూపులోనో ఎవరో ఒకరు పొద్దున్నే ఒక పొట్టి లింకు పడేసి చేతులు దులుపుకుంటారు. ఆ తర్వాతి చాకిరీ నాది. "అక్కా, నువ్వు కంప్యూటర్ చదివినవు గద, గిది ఒత్తాల్నా, వద్దా?" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. నేను కళ్ళజోడు వెతుక్కుని, దాని వెనక ఏముందో తవ్వి చూసి, వద్దని చెప్పేలోగా వాళ్ళు ఎలాగూ ఒత్తేసి ఉంటారు. విసుగొచ్చేసింది. అయితే లింకంటే ఇంత అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. తెలంగాణ వచ్చి రెండు మూడేళ్ళయి, నెట్టు చౌకై, పల్లెల్లో కూడా పెద్ద ఫోన్లు కనబడుతున్న ఆ కొత్త రోజుల్లో, పాలమూరు మొత్తానికి లింకుల్ని నాకంటే గట్టిగా నమ్మిన మనిషి లేదు. నమ్మి ఊరుకోలేదు, గోడల మీద రాయించాను కూడా.

అప్పుడే డిగ్రీ ముగించి మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆడపిల్లల కాలేజీలో, ఇంటర్ వాళ్ళకు కంప్యూటర్ మేడమ్‌గా చేరాను. (కంప్యూటర్లు మూడుండేవి. ఒకటి పనిచేసేది, ఒకటి అప్పుడప్పుడు పనిచేసేది, మూడోది పెద్దసారు గదిలో గుడ్డ కప్పుకుని గౌరవంగా ఉండేది.) పెద్దసారంటే కాలేజీ యజమాని. ఆ ఏడు ఆయన పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పల్లె పిల్లలకు హాస్టలుతో సహా కొన్ని ఉచిత సీట్లు ఇస్తామన్నాడు. దరఖాస్తు ఫోనులో నింపాలి, నింపినవాళ్ళకు పరీక్ష పెట్టి ఎంపిక చేస్తారు. ఫారం తయారు చేసింది నేను. ఆ సంగతి ఊళ్ళ గోడల మీద రాయించే పనీ నా నెత్తినే పడింది. పెయింటర్ మామ (ఆయన వయసు వాళ్ళు కూడా ఆయన్ని మామనే పిలిచేవాళ్ళు) నేనిచ్చిన లింకు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రంగుడబ్బా కింద పెట్టేశాడు.

"గిదేంది బిడ్డా, గింత పొడుగు గోడ మన జిల్లల ఉన్నదా?"

నిజమే, అది మూడు వరుసలుంది. "ఆగు మామా" అని, లింకుల్ని ఉచితంగా పొట్టి చేసే సైటొకటి తెరిచి, అరనిమిషంలో దాన్ని బెత్తెడంత చేసి చూపించాను. ఆ సైటు ఎవరిదో, ఏ దేశానిదో నాకు తెలియదు. ఉచితం అంది, చాలు. మామ గడ్డం గోక్కున్నాడు.

"గిది ఒత్తితె గా పొడుగుదే వస్తదా?"

"గదే వస్తది మామా."

"నడుమ ఎవరన్న మారుస్తే? నేను రాసిన గోడ మీదనే తెల్లారేసరికి ఇంకోడు సున్నమేసి వాని బోర్డు రాసుకున్నడు మరి. అందుకే అడుగుతున్న."

"గిది గోడ కాదు మామా, ఇంటర్‌నెట్" అన్నాను, ఎంతో జాలిగా. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కంప్యూటర్ చదివిన నాకు తట్టని ప్రశ్న, కుంచె పట్టిన ఆయనకు తట్టింది.

బస్సులు పోయే దారిలో ఒక ఊళ్ళో, అందరూ గొర్లవ్వ అనే ముసలమ్మ ఇంటి గోడ ఉండేది. కొడుకూ కోడలూ గొర్ల మందతో మేతకు అమ్రాబాద్ అడవుల దిక్కు వెళ్ళారు, మనవరాలు చిన్నిని పెట్టుకుని అవ్వ ఇంటి దగ్గరుంది. చిన్ని పది పరీక్షలు రాసి, మార్కుల కోసం చూస్తోంది. గోడ అడిగితే అవ్వ సున్నం కూడా తనే తెచ్చింది. మామ అక్షరాలు దిద్దుతుంటే నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "మా పిల్లకొస్తదా బిడ్డా సీటు? రాకుంటె ఇది గూడ మందెంబడి పోవాలె. ఒక్కపారి పోయినంక ఇంగ సదువు ముచ్చటుండదు."

"ఫోన్ల నింపితె చాలవ్వా, మిగిలింది నాది జిమ్మేదారి" అన్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో పూచీ నాదని, జిమ్మేదారి అనడం ఎంత తేలికో!

మార్కులొచ్చాక నింపుదామని చిన్నిలాంటి వాళ్ళు ఆగినా, మొదట్లో దరఖాస్తులు బాగానే వచ్చాయి. పది ఫలితాలొచ్చే వేళకు ఉన్నట్టుండి ఆగిపోయాయి. నింపాల్సిన వాళ్ళంతా నింపేశారు కాబోలనుకున్నాను తప్ప, ఒక్కసారి నా లింకును నేనే ఒత్తి చూసుకుందామన్న బుద్ధి పుట్టలేదు. వచ్చిన వాళ్ళకు పరీక్ష పెట్టేశాం. చిన్ని పేరు లేకపోవడం చూశాను. నింపడం మానేసిందేమోలే అనుకుని సరిపెట్టుకున్నాను. అప్పుడే అవ్వకు ఒక్క ఫోను చేసి ఉండాల్సింది.

వారం తిరిగాక గేటు దగ్గర గోల. పదకొండు మంది ఆడపిల్లలు, పదకొండు రేకుపెట్టెలు, చాపలు, మామిడికాయ తొక్కు సీసాలు. అందరి ముందూ గొర్లవ్వ. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది. "అగో, మా టీచరమ్మ! పిల్లలకు సీట్లొచ్చినయి బిడ్డా, జర గదులు చూపియ్యి."

చిన్ని ఫోను చేతికిచ్చింది. గోడ మీది మన లింకే. ఒత్తితే మా ఫారం రాలేదు. పైనుంచి రంగుకాగితాలు రాలుతూ, ఆకుపచ్చ టిక్కుతో 'అభినందనలు! మీరు ఎంపికయ్యారు!' అని వచ్చింది. కింద పేరు, ఫోను నంబరు, ఆధార్ నంబరు అడిగారు. చిన్ని అన్నీ ఇచ్చింది. పది మందికి పంపితే ఖాయమవుతుందంటే, పాపం, లెక్క తప్పకుండా పది మంది స్నేహితురాళ్ళకు పంపింది. మధ్యలో ఉన్న ఆ సైటువాళ్ళు దారి మళ్ళించి, మా ఫారం బదులు ఏదో మోసపు పేజీకి కలిపేశారు. అవ్వ ఊరంతా బెల్లం పంచి మరీ వచ్చింది.

పెద్దసారు బయటికొచ్చి, "ఏం సీట్లు? ఎవరిచ్చిండ్రు?" అని గర్జించాడు. అబద్ధం ఎందుకు, ఒక అరనిమిషం పాటు పెయింటర్ మామ తప్పు రాశాడని చెప్పేద్దామనిపించింది. ఉద్యోగం పోతుందని భయం. అంతలో అవ్వ ఆయన వైపు తిరిగింది. "గోడను చూసి నమ్మలే సారూ. గీ పిల్ల జిమ్మేదారి అన్నది, గందుకు నమ్మినం."

అంతే, నాకు ఏడుపొచ్చేసింది. తప్పు నాదేనని, ఎవరిదో తెలియని సైటును నమ్మానని, ఒక్కసారి కూడా ఒత్తి చూడలేదని అందరి ముందూ చెప్పేశాను. పెద్దసారు చాలా తిట్టాడు. తిట్టి తిట్టి అలసిపోయి, మిగిలిన సీట్లు రెండే ఉన్నాయని, మధ్యాహ్నం వరండాలో పరీక్ష పెట్టమని చెప్పాడు. రెండిట్లో ఒకటి చిన్నికొచ్చింది. మిగతా తొమ్మిది పెట్టెల్నీ బస్టాండు దాకా మోయించి నేనే బస్సెక్కించాను. కిటికీలోంచి ఒక పిల్ల, "మేడమ్, వచ్చేడు గూడ గిదే లింకా?" అని అడిగింది.

ఆ తర్వాత రెండు వారాలు నేనూ మామా సున్నం బకెట్టు పట్టుకుని గోడ గోడకూ తిరిగాం. ఆ పిల్లల ఇళ్ళకు మాత్రం నెలల తరబడి ఎవరెవరో ఫోన్లు చేసి ఓటీపీ అడిగారు. గొర్లవ్వ వాళ్ళకు ఓటీపీ చెప్పకుండా, మీ దిక్కు పొట్టేలు ఎంత పలుకుతుందని అడిగి అడిగి, చివరికి వాళ్ళే ఫోను పెట్టేసేలా చేసిందట.

పోయిన నెల చిన్ని నుంచి మెసేజు వచ్చింది. ఇప్పుడు నర్సయింది, దవాఖానలో ఉద్యోగం. మెసేజులో మాటా పలుకూ లేదు, ఒక పొట్టి లింకు మాత్రం ఉంది. వెంటనే ఫోను చేశాను. "ఇది నువ్వే పంపినవా? ఏమున్నది దాంట్ల? ఎవరో నీకు పంపింది నాకు పంపినవా?" అని పోలీసులా ప్రశ్నలు వేశాను. అటువైపు పగలబడి నవ్వు.

"ఫోటోలు మేడమ్, ఉద్యోగం మొదటిరోజువి, అవ్వతోని దిగిన. ఒత్తుండ్రి. నేను మీది ఒత్తలేదా?"

ఇన్నేళ్ళ జాగ్రత్తలూ, అలసటా ఆ ఒక్క మాటకు తలొంచుకున్నాయి. ఆ రోజు పూచీకత్తు ఏమీ అడగకుండా నన్ను నమ్మిన పిల్ల ఇది. నాలో నేనే నవ్వుకుని, కళ్ళు తుడుచుకుని, ఏమైతే అదవుతుందని ఒత్తేశాను.