సున్నంబొట్టు

నేత్ర సినిమాల్లో చేరడానికి మద్రాసు పోయిందని రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టులో చెప్పుకుంటున్నారు. మొహానికి నల్లరంగు పూయమని తనే అడిగిందట, కన్నకూతుర్ని వదిలేసి పోయిందట. పోలేదు. మా గోడకు అవతలే ఉంది. ఆ ఇంట్లో తిరగమోత వేస్తే నాకు తుమ్ములొస్తాయి, మనిషి ఉందో లేదో నాకు తెలియదా?

నేత్ర తాత మునిశామప్ప చిత్తూరు దిక్కునుంచి ఇక్కడి బంగారు గనిలో పనికి వచ్చినవాడు. గని మూతపడేనాటికి నేత్ర చిన్నపిల్ల. పుట్టుకతోనే నలుపు. తొట్టెలో వేసిన రోజు అందరూ కాటుకతో దిష్టిచుక్క పెట్టబోతే, నాయనమ్మ అక్కయమ్మ అడ్డం వచ్చింది. "కాటుక యాడ కనపడతాది దీనికి, సున్నం పెట్టండి" అని ఆకూవక్కల తట్టలోంచి సున్నం తీసి బుగ్గన అద్దింది. తొట్టె చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ నవ్వారు. ఆ నవ్వే పేరైపోయింది. గని కూలీలకు కట్టిన మా లైను ఇళ్లలో నేత్ర అంటే ఎవరని అడుగుతారు, సున్నంబొట్టు అంటే తెలుస్తుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు కూడా ఎవరో ఆ పేరుతోనే ఇల్లు చూపించారు. వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయారు. తర్వాత లారీ తోలే మూర్తి ఏ మాటా అనకుండా చేసుకున్నాడు.

మా దగ్గర చాలామంది లాగే ఆమె కూడా తెల్లారి రైలెక్కి బెంగళూరు పోయి, ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచి, చీకటిపడ్డాక వచ్చేది. అలా సాగిపోతున్న బతుకులోకి మునీంద్ర వచ్చాడు.

మునీంద్ర మా లైనులో పుట్టినవాడే. బెంగళూరులో చదివి, గబగబా మాటలు చెప్పే ఆ కొత్తరకం పాటలు నేర్చాడు. పోయిన ఎండాకాలం కెమెరాలతో వచ్చి, బంగారం తీశాక పారబోసిన మట్టిగుట్ట, ఆ సయనైడ్ దిబ్బ మీద పాట తీశాడు. పట్నంవాళ్లు మనల్ని నల్లోళ్లు, తాగుబోతులు, దొంగలు అంటారు కదా, దాని మీద పాట. ఒక ఆడమనిషి కావాలని నేత్రను పిలుచుకుపోయాడు. ఆమె మొహానికి తారులాంటి రంగు పూశారు, చేతికి సారాయి సీసా ఇచ్చారు, బుగ్గన తెల్లచుక్క పెట్టారు. ఆ చుక్క సంగతి బయటివాళ్లకెలా తెలుస్తుంది? మనవాడు కాబట్టే తెలిసింది.

పాట ఫోన్లన్నిటికీ పాకింది. టీవీలో ఒకాయన ఇది మనుషుల్ని అవమానించడమన్నాడు, ఇంకొకాయన ధైర్యమున్న పాట అన్నాడు. వాళ్లు వాదించుకుంటూ ఉండగానే ఇక్కడ బడిలో పిల్లలు సుద్దముక్కలు పట్టుకున్నారు. నల్లగా ఉన్న పిల్ల దొరికితే చాలు, బుగ్గన చుక్క. నేత్ర కూతురు చంద్రికనూ వదల్లేదు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నీళ్లతొట్టి దగ్గర కూర్చుని, అంట్లు తోమే పీచుతో బుగ్గను రుద్దుతోంది. చుక్క ఎప్పుడో పోయింది. నేను గోడ మీదనుంచి చూసి పరుగెత్తేసరికి తోలు లేచి రక్తం కారుతోంది.

అప్పటినుంచి చంద్రిక బడికి పోవడం లేదు. పిల్లను ఒంటరిగా వదలలేక నేత్ర రైలు మానేసింది. స్టేషనులో కనపడలేదు కాబట్టి మద్రాసు పోయిందని పుట్టించారు. ఇదీ అసలు సంగతి.

మునీంద్ర వాళ్లమ్మను చూడటానికి వచ్చాడని తెలిసి నేనే వెళ్లాను. ఆ పాట తీసేస్తే పిల్ల మళ్లీ బడికి పోతుందని చెప్పాను. కుర్చీ వేశాడు, మర్యాదకేం తక్కువ చేయలేదు.

"అది వ్యంగ్యం అత్తా. మనల్ని ఎగతాళి చేసేవాళ్లనే ఎగతాళి చేసినాము" అన్నాడు.

"వాళ్లు యాడుండారప్పా ఆ పాటలో? నేను రెండుతూర్లు చూసినాను. నాకు నేత్ర మొగమే కనపడింది."

చదువుకున్నవాళ్లకు అర్థమవుతుంది అన్నాడు. చంద్రిక నాలుగో తరగతి, ఇంకెంత చదవాలి అని అడిగాను. పాట తన చేతిలో లేదన్నాడు, కంపెనీవాళ్లదన్నాడు. చివరికి, "ఇప్పుడు తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే గదా అత్తా" అన్నాడు. వాళ్లమ్మ నా వైపు చూడకుండా బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది.

తిరిగొచ్చి నేత్రతో చెప్పాను. ఆమె కూతురు బుగ్గ మీద పక్కు కట్టినచోట కొబ్బరినూనె రాస్తోంది. చంద్రిక గోడవైపు తిరిగి కూర్చుంది. వీధివీధంతా నా నోట అడిగించాలని చూస్తున్న మాట అప్పుడు అడిగేశాను. పుట్టినప్పటినుంచి ఆ రంగుతో, ఆ చుక్కతో ఇన్ని పడినదానివి, వాళ్లు పూస్తుంటే ఎందుకు ఊరుకున్నావమ్మా అని.

నూనె గిన్నె పక్కన పెట్టింది.

"చుక్క పెట్టింది నాకు తెలీదు పెద్దమ్మా, కండ్లు మూసుకోమన్నారు. రంగంటావా, ఆ రంగేసే అమ్మి నన్ను ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, 'ఈమె నలుపు చాలదు' అనింది. ఇన్నేండ్లలో ఆ మాట నన్ను ఎవురూ అనలేదు. ఆ సంతోషంలో మొగం ఎత్తి పెట్టినాను."