మామ్మ వాటా బెల్లం

మా చిన్నప్పుడు... మా మామ్మ చుట్టకి నిప్పు తెచ్చే పని నాదే. యుద్ధం రోజులు, అగ్గిపెట్టె దొరకడమే గొప్ప. బెల్లం వండే పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక కొబ్బరిచిప్పలో వేసుకుని పరుగెత్తుకొచ్చేదాన్ని.

మామ్మ చుట్ట వెలిగించి, రెండుసార్లు పీల్చి, మండే కొసని నోట్లోకి తిప్పి పెదాలు మూసేసేది. నిప్పు లోపల, చల్లటి కొస బయట! అడ్డపొగ అనేవాళ్ళం దాన్ని. మా అనకాపల్లి చుట్టుపక్కల ఆడవాళ్ళు చాలామంది అలాగే కాల్చేవారు. గాలికి ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి...

నాకు పధ్నాలుగేళ్ళు వచ్చిన ఏడాది, చెరకు నరికే రోజుల్లో, మొదటిసారి పెద్దపిల్లలతో కలిసి పనికి వెళ్లాను. నరికిన చెరకుని మోపులు కట్టాలి. అది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు గడలని రెండు చేతులతో అదిమి పట్టుకుంటే, ఇంకొకరు చెరకాకు మెలిపెట్టి కట్టాలి. అందుకే జతలు. జత లేని పిల్లని మేస్త్రి ఇంటికి పంపేసేవాడు.

నా జత నర్సి. బొమ్మల పెళ్ళిళ్ళ నాటి స్నేహం మాది. మా అందరికీ పెద్ద పైడితల్లి... మాకంటే రెండేళ్ళు పెద్దది, నోట్లో అడ్డపొగ పెట్టుకునే పాట పాడగలిగేది! ఆమె నవ్వితే మేమూ నవ్వేవాళ్ళం. ఆమె పక్కన నిలబడాలని నాకు ఎంత ఆశో...

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పైడితల్లి చుట్ట వెలిగించి నా ముందు పెట్టింది.

"పట్టు."

"నాకొద్దే..."

"ఏటే, బయమేత్తందా? ఒక్కసారికి ఏటయిపోద్ది? మీ మామ్మ కాల్సదేటి? మా యమ్మ కాల్సదేటి?"

"సంటిపిల్లే పాపం, ఉగ్గుగిన్నె అట్టుకురండే!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నర్సి కూడా నవ్వింది. అది ముందురోజే పెట్టేసిందట. నాకు చెప్పలేదు.

"రేపు పెట్టకపోతే నీకు జత లేదు. సూసుకో," అంది పైడితల్లి, నర్సిని తన వైపు లాక్కుంటూ.

ఆ సాయంత్రం బెల్లం వండే చోటికి వెళ్ళాను. మామ్మ పొయ్యిలోకి చెరకుపిప్పి ఎగదోస్తోంది. పాకం పదునుకి వచ్చింది... ఆ 'పదును' అన్న మాట నాకు ఇప్పటికీ ఎంత ఇష్టమో! చెరకాకు మీద తలా కొంచెం వేడి బెల్లం పెట్టారు. మామ్మ ఎప్పట్లాగే తన వాటా నా ఆకులో వేసేసింది.

అన్నేళ్ళూ అది నా మీద ప్రేమే అనుకున్నాను. ఆ రోజెందుకో అడిగాను.

"ఎప్పుడూ నాకే ఇచ్చెత్తావేటే మామ్మా? నువ్వు తినవేటి?"

"తింతే ఏటుందే? మట్టి తిన్నా బెల్లం తిన్నా నాకొకటే. తీపి తెలీదు."

పొద్దస్తమానం బెల్లం పొయ్యి ముందు కూర్చునే మనిషికి తీపి తెలియదా?

"ఎప్పుడు పోయిందే?"

మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "అదే నాకూ తెలీదు. నీ యీడులో ఎలమంచిలిలో నాట్లకెళ్తే, పక్కది సుట్టిచ్చి ఒక్కసారికి ఏటయిపోద్ది అంది. తీపి ఒక్కరోజున పోతే ఏడిసుందును. ఎప్పుడు పోయిందో తెలిత్తే కదా..."

నన్ను కాల్చొద్దని అనలేదు. మళ్ళీ చుట్ట నోట్లో పెట్టేసుకుంది.

మర్నాడు పైడితల్లి వెలిగించిన చుట్ట చాపింది. రాత్రంతా అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఒక్కటే వచ్చింది.

"నాకు తీపి కావాలే."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వులే నవ్వులు. "అయితే ఎల్లి బెల్లందిమ్మతో జత కట్టే!" అంది పైడితల్లి.

గడలన్నీ కుప్పవేసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. మోకాలితో అదిమాను, ఆకుని పళ్ళతో లాగాను. మోపు విడిపోయింది. మళ్ళీ కట్టాను, మళ్ళీ విడిపోయింది. చెరకాకు అంచు కోసుకుని వేళ్ళ నుంచి రక్తం కారుతోంది. దూరంగా గట్టు మీద మేస్త్రి వస్తున్నాడు. ఇక ఇంటికే అనుకున్నాను...

అప్పుడు నా గడల మీద ఇంకో రెండు చేతులు పడ్డాయి.

నర్సి! ఎదురుగా కూర్చుని మోపుని గట్టిగా అదిమి పట్టుకుంది. నా ముఖం చూడలేదు.

"కట్టు బేగి... మేస్త్రొచ్చెత్తన్నాడు."

కట్టాను. మేస్త్రి మా పక్కనుంచి వెళ్ళిపోయాక మెల్లిగా అంది, "మొన్నటినుంచి నోరు మండిపోతందే. గంజి కూడా దిగట్లేదు. నవ్వుతారని సెప్పలేదు."

ఆ ఏడాదంతా పైడితల్లి మా ఇద్దరితో మాట్లాడలేదు. పాటల్లో మమ్మల్ని కలుపుకోలేదు. బాధగా ఉండేది... నిజంగా ఉండేది. కానీ మా మోపులు మేమే కట్టుకున్నాం.

చాలా ఏళ్ళ తర్వాత నూకాలమ్మ తీర్థంలో, ఆ జాతర జనం మధ్య పైడితల్లి కనబడింది. నన్ను చూసి "ఓలమ్మో, సంటిపిల్లా!" అని గట్టిగా కావలించుకుంది. పాత కోపాలేవీ లేవు. నా సంచిలో కొత్త బెల్లం ఉంటే ఒక ముక్క విరిచి ఆమె చేతిలో పెట్టాను.

తను కొరకకుండానే పక్కనున్న మనవరాలి నోట్లో పెట్టేసింది.

మామ్మ వాటా గుర్తొచ్చింది నాకు.

తొంభై దాటాక ఫోనులో తెలుగు రాయడం నేర్చుకుంటూ ఇది రాస్తున్నాను. నేర్పే మునిమనవడు కాలేజీ పిల్లవాడు. హాస్టల్లో స్నేహితులు ఏవేవో ఇస్తారట, ఒక్కసారికి ఏమవుతుంది అంటారట. చెరకు ఆడే గానుగలు పోయాయి, చెరకు చేలు తరిగిపోయాయి, అడ్డపొగ పెట్టేవాళ్ళూ తగ్గారు... ఆ మాట మాత్రం ఎక్కడికీ పోలేదు.

వాడికి నేను ఒకటే చెప్పాను, ఒక్క నర్సిని వెతుక్కోరా అని. దొరక్కపోతే నువ్వే ఎవరికైనా నర్సివి అవ్వరా అని.

మీ మోపుకి రెండో వైపు చెయ్యి వేసిందెవరు? వాళ్ళ పేరు ఇక్కడే కింద రాయండి... చదువుకుంటాను.