జలుబు చేసిన ప్లయర్లు

ఒక బుధవారం పదకొండున్నరకు మా కంపెనీ ప్రపంచ ఉపాధ్యక్షులవారి టై, మేము తయారుచేసిన ఎనిమిదంగుళాల కటింగ్ ప్లయర్ నోట్లో పడింది. ఫొటో కోసం ఆయనే సరదాగా పెట్టుకున్నారు. ఫొటో అయిపోయింది. ప్లయర్ నోరు తెరవలేదు. ఇద్దరు మేనేజర్లు చెరో పిడీ పట్టుకుని లాగారు. ఉపాధ్యక్షులవారి మెడ ఎర్రబడింది తప్ప వేరే ఫలితం కనిపించలేదు. చివరికి ఆయన టై విప్పి, ప్లయర్‌తో సహా మా చేతుల్లో పెట్టి, బోసి మెడతో భోజనానికి వెళ్లారు. సరుకు పట్టు గట్టిదని ఒప్పుకోవాలి.

ఆ రోజు విల్ఫ్ డంగ్‌వర్త్ పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టాడు. అతనుంటే ఇది జరిగేది కాదు. విల్ఫ్‌కి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏ ప్లయర్‌నైనా చెవి దగ్గర పెట్టుకుని, ఒకసారి తెరిచి, ఒకసారి మూసి, అది ఏమంటుందో వినందే డబ్బాలోకి పోనివ్వడు.

షెఫీల్డ్‌లోని మా ఫ్యాక్టరీ షాపులో ఆరుగురు పనివాళ్లు ప్లయర్లను కుదురుస్తారు. అంటే, రెండు కాళ్లనూ కలిపే రివెట్టును సుత్తితో తట్టి, బిగువు సరిచేస్తారు. ఒక దెబ్బ ఎక్కువైతే బిగుసుకుపోతుంది, తక్కువైతే వదులుగా ఊగుతుంది. అది చేతికి తెలియాల్సిందే, ఏ కొలతబద్దా చెప్పదు. కుదిర్చినవాళ్లు తమ నంబరును ప్లయర్ నోటి లోపల ముద్ర కొడతారు. ఆ వరసకు చివర, కిటికీ పక్కన, విల్ఫ్ చెవి ఉంటుంది.

"ఏమంటోంది విల్ఫ్?" అని అటుగా పోయే ప్రతివాడూ అడిగేవాడు.

"జలుబు చేసింది."

"మరి ఇదో?"

"దీనికి అత్తగారి మీద కోపం. నోరు విప్పట్లేదు."

జలుబు చేసినవాటిని తన చిన్న దాగలి మీద పెట్టి రెండు దెబ్బలు వేసేవాడు. మళ్లీ వినేవాడు. తృప్తిగా తలూపి మంచివాటిలో పడేసేవాడు. తప్పు సరుకు వేయడానికి ఎర్ర పెట్టె ఒకటుంది. విల్ఫ్ దాన్ని ఎక్కువగా తన టోపీ పెట్టుకోవడానికి వాడేవాడు.

నేను ఆ షాపుకు ఫోర్‌మన్‌ని. గంటకు మూడు వందల ప్లయర్లు చూడాలని పైనుంచి ఆజ్ఞ. విల్ఫ్ నూట డెబ్బై దాటడు.

"మూడు వందలు, విల్ఫ్!" అని రోజూ అరిచేవాణ్ణి.

"నాకున్నవి రెండు చెవులే, అబ్బాయ్," అనేవాడు. నాకు యాభై ఒకటి నిండాయి. అయినా అతనికి నేను అబ్బాయినే.

మాది ఒకప్పుడు ఒక ముసలాయన పేరు మీద నడిచిన ఫ్యాక్టరీ. ఇప్పుడు ఇరవై తొమ్మిది దేశాల్లో పనిముట్లు చేసే కంపెనీకి మేమొక గది. కొనుక్కున్నవాళ్లు మొదట చేసిన పని, 'మనమంతా ఒకే కుటుంబం' అని గోడలకు పోస్టర్లు అంటించడం. రెండో పని, ఆ కుటుంబంలోంచి నలుగురిని తీసేయాలని తేల్చడం.

ఎవరిని తీయాలో పాయింట్ల కాగితం చెబుతుందట. అందులో అయిదు గడులు: వేగం, తప్పులు, హాజరు, ఏ పనికైనా ఒదగడం, ఉత్సాహవంతమైన దృక్పథం. నింపాల్సింది నేను. ఆ చివరిదాన్ని ఎలా కొలవాలని హెచ్.ఆర్. మేనేజర్ పియర్స్‌ని అడిగాను.

"మీకే తెలిసిపోతుంది, లెస్లీ," అన్నాడు.

నాకేమీ తెలియలేదు. అందరికీ మూడు వేశాను. విల్ఫ్‌కి మాత్రం రెండు. ఎందుకంటే ఆ పొద్దున్నే పోస్టర్ ముందు నిలబడి, "ఈ కుటుంబానికి పెద్ద ఎవరో గానీ, ఆయన్ని ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని చూడాలి," అన్నాడు. రెండు వేసినందుకు ఆ రాత్రి నాకు నిద్రేమీ చెడలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఇలాంటి సమయంలో టై సంగతి జరిగింది. పియర్స్ ఆ ప్లయర్‌ను టైతో సహా ప్లాస్టిక్ సంచిలో వేశాడు, హత్యాయుధాన్ని వేసినట్టు.

"లోపల నంబరు ఎవరిదైతే వాళ్లకు పది పాయింట్లు కోత," అన్నాడు. పది పోతే మనిషి పోయినట్టే. నంబరేమో నోటి లోపల ఉంది, నోరేమో మూసుకుపోయి ఉంది.

ఇక్కడ నేనొక సంగతి చెప్పాలి. బుధవారం విల్ఫ్ స్థానంలో కూర్చుని సరుకు చూసింది నేనే. గంటకు మూడు వందలు చూశాను. అంటే, చూడలేదు. ఈ ముక్క పియర్స్‌తో అందామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ దగ్గి ఊరుకున్నాను.

మర్నాడు విల్ఫ్ వాచిన బుగ్గతో వచ్చాడు. పియర్స్ సంచి ఇచ్చి, తెరవమన్నాడు. విల్ఫ్ ప్లయర్‌ను చెవి దగ్గర పెట్టుకున్నాడు. పట్టు టై భుజం మీదుగా వేలాడుతోంది.

"ఏమంటోంది?" అన్నాను అలవాటు కొద్దీ.

"గొంతుకేదో అడ్డం పడిందంటోంది," అని తన బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

పావుగంటైనా రాకపోతే నేను వెళ్లాను. ప్లయర్ నోరు తెరిచి ఉంది. టై పక్కన మడత పెట్టి ఉంది. ప్లయర్ నోటి లోపల నలభై ఒకటి కనిపించింది. విల్ఫ్ సన్న ఆకురాయితో దాన్ని అరగదీస్తున్నాడు.

నలభై ఒకటంటే బెరిల్ స్టానిఫోర్త్. ముప్పై నాలుగేళ్లుగా ప్లయర్లు కుదురుస్తున్న మనిషి. పూర్తి పింఛనుకు ఇంకా పదకొండు నెలలు. నా కాగితంలో తప్పుల గడిలో సున్నా, అంటే ఒక్క తప్పూ లేనిది, ఆమెకొక్కదానికే.

"ఏం చేస్తున్నావ్, విల్ఫ్?"

"అడ్డం తీస్తున్నా."

తీసేసి, సొరుగులోంచి పాత ముద్ర ఒకటి పైకి తీశాడు. ఏడు. తను ప్లయర్లు కుదిర్చిన కాలం నాటి సొంత నంబరు.

నాకు మెల్లిగా వెలిగింది. నాకు ఏదైనా మెల్లిగానే వెలుగుతుంది. "అయితే ఆ జలుబు చేసినవన్నీ..."

"అన్నీ కాదు. చాలావరకు," అన్నాడు తలెత్తకుండా. "మణికట్లు పోయాయి ఆమెకి. టీ కప్పు రెండు చేతులతో ఎత్తుతుంది చూడు, చలి కాచుకుంటున్నట్టు నటిస్తూ. జూలైలో కూడా చలేనా?"

"ఎన్నాళ్లుగా?"

"నాలుగేళ్లు."

"బెరిల్‌కి తెలుసా?"

"తెలిస్తే ఆ సుత్తితోనే నన్ను కుదురుస్తుంది."

నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ అతని మీద 'మందకొడి' అని నివేదికలు రాసింది నేనే. సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు మనిషికి ధైర్యం వస్తుందంటారు గానీ, నాకు మాటలు మాత్రమే వచ్చాయి. "ఆ రోజు సరుకు చూసింది నేనేనని పియర్స్‌తో చెప్పేస్తాను," అన్నాను.

"చెప్పు. నువ్వూ పోతావు, ఆమె కూడా పోతుంది. అప్పుడు ఇద్దరు. ఇలాగైతే నేనొక్కణ్ణే."

ఆ తర్కం నాకు బాగా నచ్చింది. నాకు అనుకూలమైన తర్కం ఎప్పుడూ వెంటనే నచ్చుతుంది.

విల్ఫ్ ప్లయర్లు కుదిర్చి పన్నెండేళ్లయింది. ఆ సంగతి షాపు ఊడ్చేవాళ్ల నుంచి పెరట్లో పిల్లి దాకా అందరికీ తెలుసు. పియర్స్ మాత్రం కంప్యూటర్‌ని అడిగాడు. ఏడంటే డంగ్‌వర్త్ అంది కంప్యూటర్. పది పాయింట్లు తీసేశాడు. వేగం గడిలో అసలే ఏమీ లేని మనిషి, తీసేయాల్సినవాళ్ల జాబితాలో అందరికన్నా పైకెళ్లి కూర్చున్నాడు.

ఉత్తరం వచ్చింది. 'కుటుంబ సభ్యుడైన మీకు, ఇరవై ఒక్క ఏళ్ల సేవకు కృతజ్ఞతలు.' విల్ఫ్ దాన్ని పట్టుకుని పియర్స్ దగ్గరికెళ్లాడు.

"ముప్పై ఎనిమిదయ్యా."

"అంతకుముందు మీరు కంప్యూటర్‌లో లేరండీ."

"నేనున్నాను. అదే లేదు."

ఆఖరి పక్షం రోజులూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వినడం నేర్పాడు. తన తర్వాత ఆ చోట ఎవరుంటారని పైవాళ్లు అడిగితే, ఫోర్‌మన్ పనితో పాటు అదీ నేనే చూసుకుంటానని చెప్పాను. నా దృక్పథం గడిలో పియర్స్ అయిదు వేశాడు. ఎందుకు చేస్తున్నానో తెలిస్తే ఎంత వేసేవాడో!

"విన్నావా?" అనేవాడు విల్ఫ్, నా చెవి దగ్గర ప్లయర్ ఆడించి.

"ఏమీ వినపడలేదు."

"అదే ఆరోగ్యం. ఇదో?"

"ఇదీ వినపడలేదు."

"దీనికి న్యుమోనియా, అబ్బాయ్. మళ్లీ విను."

ఆఖరి శుక్రవారం క్యాంటీన్లో వీడ్కోలు. మాంసం కూరిన 'పోర్క్ పై'లు, టీ, పియర్స్ ఉపన్యాసం. ఉపన్యాసంలో కుటుంబం ఆరుసార్లు వచ్చింది, విల్ఫ్ పేరు ఒకసారి. చివర మఖమల్ పెట్టెలో అయిదు ప్లయర్లు కానుకగా ఇచ్చారు. మా కంపెనీవే. మా షాపువి కావు. ఇరవై తొమ్మిది దేశాల్లో ఇంకేదో దేశానివి. విల్ఫ్ ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏ... ఏమంటోంది?" అన్నాడు పియర్స్. అతను అలా అడగడం అదే మొదలు.

"మంచి పిల్లే. ఇంటి మీద బెంగ పెట్టుకుంది," అని విల్ఫ్ దాన్ని జాగ్రత్తగా మళ్లీ పడుకోబెట్టాడు.

పియర్స్ వెళ్లాక బెరిల్ లేచింది. టీ కప్పు రెండు చేతులతో బల్ల మీద దించి, విల్ఫ్ ఎదురుగా వచ్చి నిలబడింది. ఐదడుగుల మనిషి. క్యాంటీన్ అంతా గోడలకు అతుక్కుంది.

"ఆ వారం ఎనిమిదంగుళాలవి కుదిర్చింది నేనొక్కదాన్నే," అంది. "నాకు తెలియదనుకున్నావా? నా ప్లయర్ మీద నీ నంబరేంటి? ఇన్నేళ్లూ నా పని నేను చేసుకున్నా, నా తప్పయితే నేను పడతా. నన్ను మొయ్యమని నిన్నెవరు అడిగారు? అది బెరిల్ చేసిందని ఆ పియర్స్‌కి చెప్పడానికి నీకేం రోగం?"

విల్ఫ్ పన్ను లేని వైపు నుంచి 'పోర్క్ పై' ముక్కను మెల్లిగా అవతలి బుగ్గలోకి జరుపుకున్నాడు.

"నీదంటే ఎవరు నమ్ముతారు, బెరిల్? ఇన్నేళ్లలో నీ పనికి ఒక్క వంకైనా వచ్చిందా?"