రాతి మీది కాపురం

బావినీళ్ళు పోయగానే ఎండురాయి వదిలే వాసన మళ్ళీ ముక్కుకు తగిలింది. ఈ వేసవికీ ఆ రాయున్న గాజుగిన్నెను గుడియాత్తంలోని మా లుంగీల కొట్టు బల్ల మీదే పెట్టాను. ఆ వాసన వెంటే తులసమ్మ టీచరు వస్తారు.

వేలూరు కాలేజీలో ఆమె మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. మాలాగే తెలుగిల్లు, నేతగాళ్ళ బిడ్డ. పరదరామి దగ్గరి బావిలోంచి తెచ్చిన రాయినొకదాన్ని గిన్నెలో ఉంచి ఒకరోజు నన్ను పిలిచారు. రాయి నిండా గోధుమరంగు అల్లిక. కొట్టులో పెరిగినదాన్ని కదా, పోగులు లెక్కపెట్టే మా నాన్న భూతద్దాన్ని సంచిలోంచి తీసి వంగాను.

"నేత వదులుగా ఉండాది టీచరమ్మా. గజం ఎంతకిస్తారు?"

"గజాలు కొలవవాకు పాపా. ఇవి బ్రయోజోవాలు. ఒక్కో గొట్టంలో ఒక్కో జీవి కాపురముండాది. ఆ గొట్టాలే వాటికి ఇల్లూ, ఎముకలగూడూ."

అప్పుడు కనబడ్డాయి. ప్రతి గొట్టం చివరా వెంట్రుకల్లాంటి వేళ్ళ గుత్తి, చప్పుడు లేకుండా నీళ్ళను తడుముతోంది. "అయితే రాయితో సహా నాదే!" అంటూ, బేరం ముగించే అలవాటు కొద్దీ బల్లను అరచేత్తో చరిచాను. ఊరంతా ఒక్కసారిగా తలుపులు వేసుకున్నట్టు అన్నీ లోపలికి పోయాయి.

"విన్నాయి," అన్నారు టీచరు, నవ్వకుండా.

ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరేముందు ఆ రాయిని నాకప్పగించారు. "రోజూ బావినీళ్ళు మార్చు. నేనొచ్చేదాకా నీదే పూచీ." నేను ఆలంగాయంలో పెళ్ళికి వెళ్ళి, నాలుగు రోజులనుకున్నది పది రోజులున్నాను. వచ్చేసరికి గిన్నె ఎండిపోయింది. గోటితో గీస్తే ఖాళీ గొట్టాలు పొడిగా రాలాయి.

ఆసుపత్రికి పోయి, రంగు వదిలే లుంగీని అంటగట్టే గొంతుతో "బ్రహ్మాండంగా ఉండాయి టీచరమ్మా" అన్నాను. మంచం పక్క బల్లను చరిచాను కూడా.

ఆమె కళ్ళు మూసుకున్నారు. "అబద్ధానికైతే గట్టిగా చరుస్తావు నువ్వు. ఎండిపోయినాయా?"

"ఊఁ" అన్నాను.

"పారేయవాకు. గొట్టాల కింద రాతికి మళ్ళీ మొలిచే గింజలంటించి పెట్టుకోనుంటాయి. నీళ్ళు పోసి కాచుకో."

ఆమె ఇంటికి తిరిగి రాలేదు. కర్మాంతరం అయిన రోజు నీళ్ళు పోశాను. వారాల తరబడి రాయి రాయిగానే ఉంది. ఒక మధ్యాహ్నం చూస్తే, చచ్చిన గొట్టాల మధ్యలోంచి సన్నని వేళ్ళు కొన్ని బయటికి చాచి, ఎవరినో వెతుకుతున్నాయి. తప్పయిందని చెప్పబోయాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఏటా అవి ఎండిపోతాయి, వేసవికి నీళ్ళు పోస్తే మళ్ళీ లేస్తాయి. ఇప్పటికీ బేరం జోరులో "ఈ రంగు పోతే నన్నడగండి" అనబోతూ చెయ్యెత్తుతాను. పక్కన గిన్నెలో అన్నీ చాచుకుని ఉంటాయి. చెయ్యి గాలిలోనే ఆగిపోతుంది. "ఇది రంగు వదులుతాదప్పా, వేరేది చూడు" అంటాను. కొనేవాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. మెల్లగా చెయ్యి దించుతాను.

ఒక్కటి కూడా లోపలికి పోదు.