దేవుని పేరు చెప్పి పెట్టించిన అన్నం

ఎండిన నేలను మరచిపోని దేవునికి స్తోత్రం. ఆయన పేరుతో నేను ఆడిన అబద్ధాన్నీ ఆయన మరచిపోలేదు. ఏళ్లుగా దాన్ని మోస్తున్నాను. ప్రతి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల దగ్గర రొట్టె కోసం చేయి చాస్తాను. ఆ అబద్ధం సంగతి నా భార్యకు కూడా తెలియదు. మీకే చెబుతున్నాను.

తొంభైల చివర మా విశ్వవిద్యాలయంలోని శాంతి పరిశోధన కేంద్రానికి నిధులు తేవడం, దాన్ని పెంచడం నా పని. కక్షలున్న ఊళ్లలో రాజీ ఎలా కుదురుతుందో మావాళ్లు పరిశీలించేవారు. నిధులిచ్చే విదేశీయులు వస్తున్నారు. రాజీని కళ్లారా చూడాలన్నారు. చూపించలేకపోతే కేంద్రం మూతపడుతుంది.

యాడికి అనే ఊరికి దగ్గరి పల్లెలో మా చర్చి సంఘస్థురాలు సుగుణమ్మ ఉండేది. ఆమె భర్తను కక్షల్లో ఒకడు నరికి చంపాడు. నరికినవాడు జైలు నుంచి వచ్చి ఆ ఊళ్లోనే ఉంటున్నాడు. విదేశీయుల ముందు ఆమె చేత వాడికి అన్నం పెట్టించాలని నాకు తోచింది. వెళ్లాను.

"ఏమప్పా, చర్చిలో ఎదురుపడితే తల తిప్పుకుంటావు. ఈపొద్దు దారి తప్పినావా?" అని నవ్వింది. విషయం విన్నాక ఆ నవ్వు పోయింది.

"నీ ఆఫీసు అడుగుతాండాదా, దేవుడు అడుగుతాండాడా?"

"దేవుడేనమ్మా."

"అట్లయితే పెడతా. నా కొడుక్కు మాత్రం నువ్వే చెప్పాల. నేను చెప్తే ఇనడు."

"చెప్తానమ్మా."

ఆమె పెట్టింది. వాడు తల వంచుకుని తిన్నాడు. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కేంద్రానికి కొత్త భవనం వచ్చింది, జీపు వచ్చింది. తల్లి దుడ్లు తీసుకుని తండ్రి చావును అమ్ముకుందని కొడుకు ఇల్లు విడిచి పామిడి వెళ్లిపోయాడు.

అతనికి నేను నిజం చెప్పలేదు. అంతా నా ఏర్పాటేనని బయటపడితే నిధులు ఆగిపోతాయని మొదట్లో భయం. తర్వాత? ఏ భయమూ లేని రోజుల్లో ఎందుకు చెప్పలేదు? ఆలస్యమైన కొద్దీ, నిజం చెప్పడం కంటే ఆమెను తప్పించుకు తిరగడమే నాకు సులువైంది. ఆరాధనలో నా వైపు చూసేది. అడిగేది కాదు.

ఆమె సమాధి దగ్గర ప్రార్థన చేసింది నేనే. కొడుకు శ్మశానం గోడ బయట నిలబడ్డాడు. అప్పుడైనా వెళ్లి చెప్పాల్సింది. కళ్లు మూసుకుని ప్రార్థనను పొడిగించాను. తెరిచేసరికి అతను లేడు.

నాయనా, ఇది నీకు చేరుతుందో లేదో. మీ అమ్మ ఏమీ తీసుకోలేదు. దేవుడు అడిగాడనుకుని పెట్టింది. అడిగింది నేను.

ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. దీన్ని క్షమాపణ దొరకడం అనుకోను. చదివిన మీరు నాతో కలిసి ప్రార్థించండి. నా కోసం కాదు. ఆ కొడుకు ఒక్కసారి గోడ దాటి తల్లి దగ్గరికి రావాలని.