చెవులోడి కోసం పరిచిన గోనెపట్టలు

మా అత్త పోయిందన్న కబురు నాకు పెనుకొండ బస్టాండులో తెలిసింది. ఆఫీసు ముగించుకుని హిందూపురం బస్సు కోసం నిలబడి ఉంటే, ధర్మవరం నుంచి మా ఆడబిడ్డ ఫోను చేసింది. "వదినా, అమ్మ పోయింది" అన్న ఒక్క మాట అని, ఇంక మాట్లాడలేక ఫోను భర్తకిచ్చింది. ఆయన చెప్పినవేవీ నా చెవికెక్కలేదు. చావు కబురు వినగానే ఎవరికైనా పోయిన మనిషి ముఖం కళ్ల ముందుకొస్తుంది. నాకు మాత్రం నేను మిద్దె మీద పడేసి వచ్చిన గోనెపట్టలు కనపడ్డాయి. ఆ గోనెపట్టల సంగతి చెప్పుకుంటే తప్ప ఆమె గురించి ఇంకేమీ చెప్పుకునే అర్హత నాకు లేదు.

మా అత్త ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టి, మగ్గాల ఇంటికే కోడలుగా వెళ్లిన మనిషి. మామ పోయి, మగ్గం అమ్మేశాక హిందూపురంలో మా దగ్గరికి వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా సరే, ముందు వాళ్ల కొంగు అందుకుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసేది. ధర అడిగేది కానీ ఎక్కువ పెట్టావనో మోసపోయావనో ఎన్నడూ అనేది కాదు. "నీకు బాగుండాదిలే" అని వదిలేసేది. పొద్దున్నే నేను బస్సుకు పరిగెత్తుతుంటే టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాకా వచ్చి, "బస్సు పోతే ఇంగోటి వస్తాది, నిదానంగా పోమ్మే" అనేది. పన్నెండేళ్లలో నేను ఒక్కరోజూ నిదానంగా పోలేదు.

కుందేలును తెచ్చింది మా ఆయన. బెంగుళూరు నుంచి వస్తూ మా పాప కోసమని తెచ్చాడు. పాప దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరేదో పెట్టింది. మా అత్త ఒకసారి చూసి "చెవులోడు" అంది, అదే నిలిచిపోయింది. నాలుగు వారాలు తిరక్కముందే వాడు పాపను వదిలేసి అత్త మనిషైపోయాడు. కొత్తిమీర కాడలు, ముల్లంగి ఆకులు, పాలామెను బతిమాలి తెప్పించిన పచ్చిగడ్డి, అన్నీ వాడికే. పగలంతా ఇంట్లో వాళ్లిద్దరే. ధర్మవరం చుట్టాల సంగతులన్నీ వాడికి చెప్పుకునేది. చెప్పడానికి ఇంట్లో మేం ఉండేవాళ్లం కాదు కదా.

ఒక ఆదివారం పొద్దున చెవులోడు తల ఒక పక్కకు వాల్చి కూర్చున్నాడు. నాకు భలే ముద్దొచ్చింది. వీడియో తీసి, "అవ్వ చెప్పే కతలు వింటున్నాడు" అని రాసి స్టేటస్ పెట్టాను. నవ్వు బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. పాప, నేను పగలబడి నవ్వుతుంటే మా అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి వాడి ముందు కూర్చుంది.

"నగేదానికేముండాది మే? వాని కండ్లు చూడు. మగ్గంలో నాడె మాదిరి అటూ ఇటూ కొట్టుకుంటాండాయి."

నిజమే. గుడ్లు ఒకచోట నిలవడం లేదు. ఇంతలో వాడు లేచి ఒక అడుగు వేయబోయి, ఉన్నచోటే గుండ్రంగా తిరిగి, దబ్బున పడి దొర్లాడు. నేను కెవ్వుమని వాణ్ని ఎత్తుకున్నాను. గాల్లో కాళ్లు కొట్టుకుంటూ ఇంకా బెదిరిపోయాడు.

"ఎత్తొద్దు! ఎత్తితే తల ఇంగా తిరుగుతాది. కింద పెట్టి మెత్తగా అదిమి పట్టుకో. కింద నేలుండాదని వానికి తెలియల్ల."

"నీకెట్ల తెలుసత్తా?"

"తెలుసులే."

పెద్దవాళ్లు అన్నీ తెలుసంటారు కదా అనుకుని ఊరుకున్నాను. ఎలా తెలుసని రెండోసారి అడిగి ఉంటే ఇవాళ ఇది రాయాల్సి వచ్చేది కాదు.

ఉప్పు, మిరపకాయలు తెచ్చి వాడికి దిష్టి తీసింది. పొయ్యిలో వేసి, ఘాటుకు దగ్గుతూనే నా వైపు తిరిగింది. "నేను చేసేది చేసినా. ఇంగ డాక్టరు చేసేది చేయల్ల. ఆటో పిలువు."

ఆవులను, మేకలను, కుక్కలను చూసే డాక్టరు ఆయన. చెవిలోకి లైటు వేసి చూశాడు, కళ్లు చూశాడు, బెంగుళూరులో ఉన్న స్నేహితుడికి ఫోను చేసి మాట్లాడాడు. చెవి లోతుల్లో చీము పట్టినా, ఏదో క్రిమి మెదడుకెక్కినా కుందేళ్లకు ఇలా అవుతుందట. మందులు వారాల తరబడి వాడాలన్నాడు. తల పూర్తిగా నిలబడకపోవచ్చు కూడా అన్నాడు. "తల సంగతి తర్వాత, ముందు పొట్ట చూసుకోండి. కుందేలు మేత మానేస్తే పూట కూడా ఆగకుండా తీసుకురావాలి" అన్నాడు. కాచిన నూనె రెండు చుక్కలు చెవిలో వేద్దామని మా అత్త దారి పొడుగునా అంటూ వచ్చింది. చెవిలో ఏమీ పోయొద్దని ఆయన అనేసరికి నోరు మూసుకుంది. చివర్లో ఆయన ఇంకో మాట చెప్పాడు. "నున్నటి టైల్స్ మీద వదలొద్దండి. కాళ్లకు పట్టు దొరికితే సగం భయం పోతుంది."

ఆ మాట నాకంటే మా అత్తకు బాగా పట్టింది. ఇంటి మూల దుప్పట్లు చుట్టి గోడలా పేర్చి, వాడు దొర్లినా తగలకుండా చిన్న చోటు చేసింది. లోతు లేని ప్లేటులో నీళ్లు మూతి దగ్గర పెట్టింది. ఆకులు ఒక్కొక్కటే నోటికి అందించింది. టీవీ కూడా కట్టేసింది. మందు పోసేటప్పుడు వాడు గింజుకుంటే, "అయిపాయ, అయిపాయ నాయనా" అని తన ఒళ్లో ఆనించుకునేది. కిరాణా కొట్టునుంచి చక్కెర గోనెసంచులు తెప్పించి, విప్పి, ఉతికి, ఒకదానికొకటి కుట్టి నేల మీద పరిచింది. డాక్టరు చెప్పింది ఒక మూలకే. మా అత్త మాత్రం తన మంచం దగ్గర మొదలుపెట్టి బాత్‌రూము గడప దాకా పరిచేసింది.

"ఏమత్తా, చెవులోడు స్నానానిగ్గూడా పోతాడా?" అని ఎగతాళి చేశాను.

"పోతే పోతాడు. నీకేం కష్టం?" అని తనూ నవ్వింది.

వాడు కోలుకున్నాడు. తల కాస్త వాలుగానే మిగిలింది కానీ మేత తిన్నాడు, తిరిగాడు. గోనెపట్టలు అలాగే ఉన్నాయి. ఉగాదికి మా ఆఫీసువాళ్లు భోజనానికి వస్తారని వాటిని తీసేయబోయాను.

"ఇంగా కొన్ని దినాలు ఉండనీమ్మే. చెవులోడు జారతాడు."

నేను వాణ్ని తెచ్చి ఉత్త టైల్స్ మీద వదిలాను. టకటకా నడిచి వంటింట్లోకి పోయాడు. "చూడు, ఎంత బాగా నడుస్తాండాడో!" అన్నాను, పందెం గెలిచినట్టు.

"అవునవును, వాడు బాగైపాయ" అంది. నేను పట్టలన్నీ చుట్టి మిద్దె మీద పడేసి వచ్చాను.

పండగ వెళ్లిన వారానికి మా అత్త బాత్‌రూము ముందు పడింది. నేను పెనుకొండ బస్సులో ఉన్నాను. కేక విని పక్కింటామె వచ్చింది. తుంటి విరిగింది. ఎలా పడ్డావని అడిగినవాళ్లందరికీ ఆమె ఒకటే చెప్పింది: "చెవులోడు కాళ్లకు అడ్డమొచ్చినాడు." ఆ పొద్దున వాణ్ని బోనులో పెట్టి గడియ వేసింది నేనే. సాయంత్రం వచ్చి తీసిందీ నేనే. అయినా నోరు విప్పలేదు. చుట్టాలంతా కుందేలును తిట్టారు, ఎవరికైనా ఇచ్చేయమన్నారు. తప్పు వాడి మీదికి నెడితే నాకు హాయిగానే ఉండింది, దాచడమెందుకు. మంచం మీదినుంచి మా అత్తే అడ్డుపడింది. "తల తిరిగేవాడు, కొత్త యింట్లో యాడ నిలబడతాడు? యాడికీ పంపొద్దండి."

ఆపరేషన్ అయ్యాక, పగలు చూసుకునే మనిషి ఉంటుందని ధర్మవరంలో కూతురింటికి వెళ్లింది. లేచేటప్పుడు తల తిరగడం ఏడాదిగా ఉందని అక్కడ డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. ఆ తర్వాతి ఆదివారం నేను వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. "అత్తా, ఆ దినం వాడు బోనులోనే ఉన్న్యాడు" అన్నాను. ఆమె నా కొంగు అందుకుని వేళ్ల మధ్య నలిపింది. "ఇది కొత్తదా? నీకు బాగుండాదిలే" అంది.

"తల తిరుగుతాందని నాకెందుకు చెప్పలేదత్తా?"

"వానికి నోరు లేదు గదమ్మే, వానిది ముందు చూడల్ల. నాకు నోరుండాది. ఎప్పుడన్నా చెప్పొచ్చులే అనుకుంటి."

పట్టలు తీసినందుకు క్షమించమని అడుగుదామనే వెళ్లాను. అడగబోతుంటే మా ఆడబిడ్డ కాఫీ తెచ్చింది, తర్వాత బస్సు వేళైంది. వచ్చే ఆదివారం అడుగుదామనుకున్నాను. ఆ ఆదివారం రాకముందే దగ్గు, జ్వరం ముదిరి ఆమె పోయింది. తల వాల్చిన కుందేలును చూసి ఆటో పిలిచిన ఇంట్లోనే ఇంకో ప్రాణం గోడ పట్టుకుని నడుస్తుంటే నేను చూడలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు తమకోసం కాక ఇంకెవరికోసమో ఏదైనా అడుగుతుంటే, ఒకసారి వాళ్ల కాళ్ల వైపు చూడండి.

దినాలు అయ్యాక హిందూపురం ఇంటికి రంగులు వేయించాం. రంగులు వేసే అతను అత్త గదినుంచి నన్ను కేకేశాడు.

"ఈడ గోడకంతా నూనె మరక పట్టుండాదమ్మా. ఒక కోటింగుకు పోదు, గీకల్ల."

మంచం దగ్గర్నుంచి బాత్‌రూము దాకా, గోడ పొడుగునా వరసగా చేతి మరకలు. చెవులోడికి జబ్బు రాకముందు నుంచీ ఉన్నవే. పాప పనేనని నేను రెండు మూడుసార్లు దాన్ని కసిరాను కూడా. మరకలు పాప చేతికి చాలా ఎత్తులో, నా చేతికి కొంచెం కిందగా ఉన్నాయి. అతను బ్రష్షు పట్టుకుని నిలబడి చూస్తుండగా, కాస్త వంగి, మొదటి మరక మీద అరచెయ్యి ఆనించి నేను నిదానంగా నడిచాను.