అమావాస్యనాడు బిగించిన కంప్యూటర్

మీరు జీవితమంతా ఎదిరించిన అబద్ధమే ఒకరోజు వచ్చి మీ పరువు కాపాడితే, దాన్ని కాదనే ధైర్యం మీకుందా? నాకు లేకపోయింది. ఏళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. వేదిక ఎక్కినప్పుడు అది మరీ ఎక్కువవుతుంది.

మూఢనమ్మకాలను ఎండగట్టడం నా పని. కంప్యూటర్లు బిగించడం నా పిచ్చి. ఏ బోర్డుకు ఏ కార్డు నప్పుతుంది, ఎంత వేడి పుడుతుంది అని చూసుకుంటూ తిండి మరిచిపోయేవాణ్ని. యంత్రం ముందు ఉపన్యాసం చెల్లదు. అందుకే అదంటే నాకు గౌరవం.

అయిజలో ఫొటో స్టూడియో నడిపే తిమ్మప్ప, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకోవడానికి ఒక కంప్యూటర్ కావాలన్నాడు. భాగాలన్నీ నేనే ఎంచాను. పవర్ సప్లై ఒక్కటే సమయానికి రాలేదు. కరెంటును లోపలి భాగాలన్నిటికీ పంచే పెట్టె అది. కాస్త ఆగితే వచ్చేది. కానీ అమావాస్యనాడే మొదలుపెడతాం, ఏమవుతుందో చూద్దాం అని ఊళ్లో సవాలు చేసి ఉన్నాను. పాత మిషన్‌లోంచి పీకిన సప్లై తగిలించాను. వీడియోల కోసం పెట్టిన పెద్ద గ్రాఫిక్స్ కార్డును అది మోయలేదని నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ రోజు తిమ్మప్ప వదిన ఈరమ్మ వచ్చింది. భర్త పోయాక ఆ ఇంట్లోనే ఉంటూ, వీడియోలు తీసేటప్పుడు లైటు పట్టేది. కంప్యూటర్ పెట్టె అద్దం వెనక వెలుగుతున్న రంగు దీపాలు చూసి మురిసిపోయింది.

"ఏంది మర్దీ, పెండ్లి పందిరి లెక్క మెరుస్తుంది గిది! దీన్ల నన్ను జర ఎర్రగ సూపెట్టరాదు."

అందరం నవ్వాం. వారం తిరక్కముందే కంప్యూటర్ కాలిపోయింది. బోర్డు పోయింది, డిస్కు పోయింది, డిస్కులోని పెళ్లిళ్లూ పోయాయి.

నేను వెళ్లి విప్పాను. మాడిన సప్లై చేతిలోనే ఉంది. తిమ్మప్ప తల్లి గుమ్మంలో నిలబడి అంది, "అమాసనాడు వద్దంటి. ఇన్నరా?"

"అమాస కాదత్తా," అంది తిమ్మప్ప భార్య. "ఈరక్క కండ్లు. ఆమె మెచ్చుకున్నదేదీ నిలువదు."

తిమ్మప్ప నా వైపు తిరిగాడు. "ఏమైంది సార్? నువ్వే చెప్పు."

"గిట్లాంటివి నాకు తెల్వవు తిమ్మప్పా," అన్నాను.

అంతే. నిజం చెబితే నా పంతం బయటపడేది, చెప్పకపోతే నింద ఈరమ్మ కళ్ల మీదికి పోయి అమావాస్య నిర్దోషి అయ్యేది, నేను సవాలు గెలిచేవాణ్ని. మరి ఈరమ్మ? ఆమె గురించి ఆ క్షణంలో ఆలోచించానా? ఆలోచించాను. అదే నన్ను నిద్రపోనివ్వదు. గోడకు ఆనుకుని నిలబడిన ఆమెను చూశాను, చూసి స్క్రూలు ఏరుకున్నాను.

ఆమెను లైటు పట్టనివ్వలేదు. తర్వాత ఇటిక్యాలలో ఆమె అన్నగారింటికి పంపేశారు. దిష్టి కళ్లన్న మాట ఆమె కంటే ముందే అక్కడికి చేరింది. ఇప్పటికీ ఆ ఇంట్లో పసిపాపను ఆమె చేతికివ్వరట. నేనేమో వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో దిష్టి మీద గొంతు చించుకున్నాను. చప్పట్లు కొట్టారు. ఆ అబద్ధానికి నాకన్నా మంచి సేవకుడు ఎవరున్నారు?

ఒకసారి ఇటిక్యాల దాకా పోయాను. బస్సు దిగి, చాయ్ తాగి, తిరుగు బస్సెక్కాను. మళ్లీ పోతానని రాయాలనుంది. ఆ మాట మీద నాకే నమ్మకం లేదు. ఇంతవరకు రాశాక ఆ బరువు కొంచెం తగ్గింది. క్షమాపణ కాదది. అడిగే అర్హత కూడా లేదు.

ఆ ఇల్లు తెలిసినవాళ్లు మీలో ఉంటారు. ఈ కాగితం తీసుకుని పోండి. ఈరమ్మకు కాదు, ఆమె చేతికి పాపను ఇవ్వనివాళ్లకు చదివి వినిపించండి. ఆమె అక్కడ ఉండగానే చదవండి. గట్టిగా.